ఆకుచెత్త ఎరువు – ఆరోగ్యరక్షణ

(సాంస్కృతిక సంఘ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



రాయపూరు నుండి తూర్పుగా, కలకత్తా పోవు జాతీయ రహదారిపై సుమారు 35 కిలోమీటర్లు పోయినచో ఆరంగ్ అను చిన్న పట్టణము వచ్చును. మహానది దానికి చేరువనే ప్రవహించుచున్నది. ఊరినిండ చెరువులు, పాత గుడులు. భాండ్ దేవల్ అని పిలువబడు జైనాలయమును చూచుటకు దూరప్రాంతములవారును వత్తురు. మయూరధ్వజ మహారాజు కథ తెలుగువారికి క్రొత్తది కాదు. జైమిని భారతము చదివినవారికిని, హరికథలు విన్నవారికిని అది పరిచితమే. ఆ రాజు ఏలిన నగరము తమదేయని ఆరంగ్ వాసుల నమ్మకము. అతిథికిచ్చిన మాట కొఱకు ఎత్తిన రంపమునకు హిందీలో ఆరా అని పేరు. ఆ మాట నుండియే ఊరి పేరు పుట్టినదని వారి స్థలపురాణము. చరిత్రకారులు దీనిని ఒప్పుకొందురా లేదా యన్నది వేరు విషయము.

ఈ ప్రసంగము రాజుగారి రంపమును గూర్చినది కాదు. ఏటేట రంపములును కత్తెరలును కోసి పడవేయు కొమ్మలను, చెట్లు తామై రాల్చు ఆకులను, పచ్చికబయళ్ల నుండి వచ్చు గడ్డిని గూర్చినది. ఆరంగ్ తహసీలు పడమటి భాగమున, ఒకప్పుడు వరిచేలున్న నేలపై, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము తన క్రొత్త రాజధానియైన నవ రాయపూరును కట్టుకొన్నది. 2012లో సచివాలయము అచటికి మారినది. వెడల్పైన బాటలు, బాటలకిరువైపుల చెట్లు, కార్యాలయముల ముందు పచ్చికలు, క్వార్టర్ల వెనుక కూరపాదులు. మాఘ ఫాల్గుణ మాసములలో రావి, వేప, టేకు, ఇప్ప ఆకులు రాలి గుట్టలగును. కార్యాలయములోని కాగితము ఒక బల్ల నుండి మరియొక బల్లకు నడచుచునే యుండును. చెట్టు క్రింది ఆకునకు మాత్రము చిరకాలముగా ఒకే గతి కలదు: అగ్గిపుల్ల.

ఆ గతి తప్పింపవలెనని ప్రభుత్వమే ఆజ్ఞాపించినది. 2016లో వెలువడిన ఘనవ్యర్థముల నిర్వహణ నియమములు తోటచెత్తను ఎవరి ఆవరణలో వారు వేరుగా నిలువ చేయవలెననియు, వీధులూడ్చువారు ఆకులను తగులబెట్టరాదనియు విధించినవి. ఆ సంవత్సరమే డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము బహిరంగముగా చెత్త కాల్చువారికి 5,000 రూపాయలు మొదలుకొని జరిమానా విధించినది. కాల్చరాదన్నప్పుడు మిగిలిన మార్గము కుళ్లబెట్టి ఎరువు చేయుటయే. ఆ మార్గము మంచిదే. ఆకులోని సారము మరల నేలకు చేరును, ఇసుకనేల నీటిని నిలుపుకొనును, బంకనేల గుల్లబారును. ఐనను గృహిణి యొక్క ప్రశ్న ఒకటి నిలిచియున్నది: ఈ ఎరువు వేసిన మడిలోని కొత్తిమీరను పచ్చిగా పచ్చడిలో నూరుకొనవచ్చునా? పసిపిల్లలు ఆ మట్టిలో ఆడుకొనవచ్చునా? ఈ ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్క మాటలో చెప్పుట వీలుకాదు. ఎరువు ఎట్లు తయారైనదను దానిపై సమాధానము ఆధారపడి యుండును.

రాలిన ఆకు స్వతః నిరపాయమైనది. ఆకుపై పడినది అట్టిది కాదు. ఈ దేశపు తోటలో కుక్క తిరుగును, పిల్లి తిరుగును, చెట్టుపై కాకులు, గబ్బిలములు, ఉడుతలు కాపురముండును, గోడవెంట ఎలుకలు పరుగిడును. ఛత్తీస్‌గఢ్‌లో దీనికి తోడు పశువుల సంచారము కలదు. వరిపైరు నేలపైనున్నంత కాలము పశువులను కట్టివేయుట ఈ ప్రాంతపు పాత ఆచారము. దానిని రోకా–ఛేకా యందురు. కోతలైన పిమ్మట అవి స్వేచ్ఛగా తిరుగును, తిరిగినచోటనెల్ల పేడ వేయును. ఊడ్చి తెచ్చిన ఆకుల బుట్టలో ఈ రెట్టలు, పెంటికలు, పేడకడులు తప్పక కలసియుండును. వానితోబాటు రోగములు కలిగింపగల సూక్ష్మజీవులును వచ్చును. సాల్మొనెల్లా అనునది టైఫాయిడు జాతికి చెందినది. పక్షుల పొట్టలోను పశువుల పొట్టలోను నివసించును. ఇ. కోలై అనునది ప్రతి మనుష్యుని ప్రేగులలోను ఉండునదే, ఐనను దానిలో కొన్ని తెగలు రక్తవిరేచనములు కలిగించి పసిపిల్లల మూత్రపిండములను చెఱచును. లిస్టీరియా యనునదానికి జంతువు కూడ అక్కఱలేదు. కుళ్లుచున్న ఆకులలోనే అది బ్రతుకగలదు. గర్భిణీస్త్రీలకు అది మిక్కిలి ప్రమాదకరము.

కాబట్టి ఆకులను ఒక మూల పోసి వదలిన మాత్రమున పని పూర్తికాదు. కుప్ప లోపల ఏమి జరుగవలెనో తెలిసికొనుటకు ఆరంగ్ నుండి పడమటగా ఇందూరు నగరమునకు పోవలెను. 1924లో అచట వృక్షపరిశ్రమ సంస్థ నెలకొల్పబడినది. దాని అధిపతి ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త. ఆయనయు, ఆయన సహాయకుడు యశ్వంత్ వాడ్ అను భారతీయ రసాయనజ్ఞుడును రైతులు పారవేయు ఆకు, గడ్డి, కంపలను పేడతోను, బూడిదతోను, మట్టితోను పొరలు పొరలుగా పేర్చి, తగినంత నీరు చిలికి, నియమిత దినములలో తిరుగవేసి, సుమారు మూడు నెలలలో ఎరువు చేయు పద్ధతిని స్థిరపరచిరి. 1931లో ఇరువురును కలసి దానిని గ్రంథముగా ప్రకటించిరి. నేడు ప్రపంచమంతటను కంపోస్టు పద్ధతులకు అది మూలముగా ఎన్నబడుచున్నది. హోవర్డ్ దొరగారికి దీనిలో దారి చూపినది చాలవఱకు ఈ దేశపు రైతులును, చీనా దేశపు రైతులును; ఆ సంగతి ఆయనయే దాచలేదు.

కుప్ప వేడెక్కుటకు పైనుండి నిప్పు పెట్టువాడు లేడు. ఆకులోని చక్కెరలను, పిండిపదార్థములను తిను కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఊపిరి తీయునప్పుడు పుట్టు వేడియే ఆ వేడి. చిన్న కుప్పలో అది గాలిలో కలసిపోవును. పెద్ద కుప్పలో అది లోపలనే నిలిచిపోవును. మొదటి రెండు మూడు దినములలో 40 డిగ్రీల వఱకు ఎక్కును. అంతటితో సామాన్యజీవులు తగ్గి, వేడిని ప్రేమించు మరియొక తెగవారు పని చేపట్టుదురు. వారి హయాములో కుప్ప 55, 60, ఒక్కొక్కప్పుడు 65 సెంటీగ్రేడు డిగ్రీలకు చేరును. మనుష్యుల, పశువుల శరీరములో 37 డిగ్రీలకు అలవాటుపడిన రోగక్రిములకు ఆ వేడి దుర్భరము. 70 దాటినచో మాత్రము వేడి పుట్టించిన జీవులే మాడిపోవును, కుప్ప చల్లారిపోవును. అందుచేత ఎక్కువ వేడి ఎక్కువ మంచిదనుటయు సరికాదు.

ఎంత వేడి, ఎన్ని దినములు? దీనికి అంకెలు కలవు. అమెరికా ప్రభుత్వము 1993లో మురుగునీటి మడ్డితో చేయు ఎరువు కొఱకు ఒక నియమమును చేసినది. తోటచెత్త ఎరువు చేయువారును పెక్కుచోట్ల దానినే కొలబద్దగా తీసికొనిరి. మూసిన పాత్రలో కాని, క్రిందనుండి గాలి నూదు కుప్పలో కాని చేయునప్పుడు 55 డిగ్రీలు 3 దినములు నిలువవలెను. ఆరుబయట పొడవైన కుప్పలుగా పోసి చేయునప్పుడు 55 డిగ్రీలు 15 దినములు నిలువవలెను. ఆ కాలములో కనీసము 5 మారులు తిరుగవేయవలెను. తయారైన ఎరువులో, ఎండినలెక్కన ఒక్కొక్క గ్రామునకు మలసంబంధమైన కోలిఫారము క్రిములు 1,000కి లోపుగ ఉండవలెను; లేదా 4 గ్రాములలో సాల్మొనెల్లా 3కు లోపుగ ఉండవలెను.

మూసిన పాత్రకు మూడు దినములేల, ఆరుబయటి కుప్పకు పదునైదేల? దీనిని వంటింటివారు సులభముగ గ్రహింపగలరు. పెనముమీది అట్టు ఒకవైపు ఎఱ్ఱగా కాలినను, తిరుగవేయనిచో రెండవవైపు పచ్చిగనే యుండును. ఎరువుకుప్పయు అట్టిదే. నడుమ 60 డిగ్రీలున్నప్పుడు పైపొరలో 35 డిగ్రీలే ఉండవచ్చును. వెలుపలి జానెడు మందము పెద్ద కుప్పలో చాల భాగమగును. రోగక్రిములకు అది చావడి వంటిది. నడుమ మంటలు మండుచుండగా అవి చావడిలో సుఖముగ కూర్చుండును. తిరుగవేయుట యనగా పైదానిని లోనికి, లోనిదానిని పైకి మార్చుట. కుప్పను ఉన్నచోటనే కెలుకుట తిరుగవేయుట కాదు. ఐదుమారులు అట్లు మార్చినప్పుడు మాత్రమే కుప్పలోని ప్రతి పిడికెడును ఎప్పుడో ఒకప్పుడు నడిమి వేడిని చూచినదని నమ్మవచ్చును. ఒక కుప్ప ఎంత శుభ్రమైనదని అడిగినచో, దానిలో అన్నిటికంటె చల్లగా నుండిన భాగము ఎంత శుభ్రమో అంతయే యని చెప్పవలెను.

ఇంటి పెరటిలోని కుప్ప ఈ పరీక్షలో తరచుగ తప్పును. కారణము పరిమాణము. నిలువు, అడ్డము, ఎత్తు ఒక్కొక్క మీటరైనను లేని కుప్పలో వేడి నిలువదు. రెండవ కారణము ఎండుటాకు. దానిలో కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. ఒంటిగా పోసినచో అది నెలల తరబడి ఎండుటాకుగనే పడియుండును. మూడు బుట్టల ఎండుటాకునకు ఒక బుట్ట పచ్చగడ్డియో, కూరగాయల తొక్కలో, పేడయో కలుపవలెను. ఇచట ఒక చిక్కు కలదు. పేడ కలిపినచో కుప్ప త్వరగా వేడెక్కును. క్రిముల సంఖ్యయు ఆ పేడతోనే పెరుగును. వేడి ఎక్కించుటకు శ్రద్ధ లేనివారు పేడ కలుపకుండుటయే మేలు. మూడవ కారణము తడి. గుప్పెడు తీసి పిండినచో ఒకటి రెండు చుక్కలు మాత్రము రావలెను. ధారగా కారినచో గాలి ఆడక కుప్ప కంపుకొట్టును. పొడిగ రాలినచో సూక్ష్మజీవులు నిద్రించును. ఛత్తీస్‌గఢ్ ఎండలలో చైత్ర వైశాఖములయందు ఈ మూడవ కారణమే కుప్పలను ఎక్కువగ చెఱచుచున్నది. నీరు చిలుకువాడు ఒక వారము సెలవుపై పోయినను చాలును.

వేడి తెలిసికొనుటకు పొడవైన కాడగల ఉష్ణమాపకము బజారులో దొరకును. అది లేనివారు ఇనుప ఊచను కుప్ప నడిమి వఱకు గ్రుచ్చి, పది నిమిషములుంచి తీసి పట్టుకొని చూడవచ్చును. పట్టుకొనలేనంత కాలినచో పని జరుగుచున్నట్లు. గోరువెచ్చగా నున్నచో జరుగుట లేదు. ఇది ముతక పరీక్షయే, ఐనను ఏ పరీక్షయు లేనిదానికంటె మేలు.

నలుపు రంగును, మంచి వాసనను చూచి ఎరువు సిద్ధమైనదని నిశ్చయించుట జనుల అలవాటు. రంగును వాసనయు ఎరువు చివికినదని చెప్పును. అది కాగినదని చెప్పవు. చల్లని కుప్ప కూడ ఏడాదికో రెండేండ్లకో చివికి నల్లబారును. చివుకుట వేరు, కాగుట వేరు. ఆరంగ్ ప్రాంతమున ఇటీవల జరిగిన దానిని ఈ కన్నుతో చూడవలసియున్నది.

ఛత్తీస్‌గఢీ భాషలో పెంటగోతికి ఘుర్వా యని పేరు. తెలుగుపల్లెలలోని పెంటదిబ్బకు అది సోదరి. 2019లో ఆ రాష్ట్రప్రభుత్వము వాగు, పశువు, పెంటగోయి, పెరడు అను నాలుగింటిని పల్లెకు గుర్తులుగ నెంచి, నర్వా, గరువా, ఘుర్వా, బారీ యను పేర ఒక కార్యక్రమమును ప్రారంభించినది. గ్రామములలో పశువులకు గౌఠానులు ఏర్పడినవి. 2020 జూలై 20వ తేదీన, హరేలీ పండుగనాడు, గోధన్ న్యాయ యోజన మొదలైనది. పేడను కిలో 2 రూపాయల చొప్పున కొని, గౌఠానులలో స్త్రీల స్వయంసహాయక బృందములచేత వానపాముల ఎరువు చేయించి, దానిని కిలో 10 రూపాయలకు విక్రయించిరి. ఆరంగ్ బ్లాకులోని బన్‌చరౌదా గౌఠాను ఆ రోజులలో పేరు వినబడిన వానిలో ఒకటి. అచటి స్త్రీలు పేడతో దీపావళి ప్రమిదలు కూడ చేసిరి. రెండు రూపాయలకు పేడ కొనుట యేమని పట్టణములలో నవ్వినవారు లేకపోలేదు. నవ్వవలసిన పనిలేదు. పారవేయుదానికి ధర కట్టినప్పుడు పల్లెలో అది పారవేయబడదు.

ఆరోగ్యదృష్టితో చూచినచో మాత్రము ఇచట ఒక మెలిక కలదు. వానపాము వేడిని ఓర్వదు. 35 డిగ్రీలు దాటినచో అది పారిపోవును, లేదా చచ్చును. కాబట్టి వానపాముల తొట్టిలో 55 డిగ్రీలు ఎన్నటికిని రావు. పేడయు ఆకును వానపాము ప్రేగులగుండ పోవునప్పుడు రోగక్రిములు తగ్గునని పరిశోధనలు చూపినవి. ఎంత తగ్గుననునది మాత్రము ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగ నున్నది. అందుచేత వివేకవంతుల పద్ధతి యేమనగా, పేడను ఆకులను ముందుగా రెండు మూడు వారములు కుప్పపోసి, వేడెక్కించి, తిరుగవేసి, చల్లారిన పిమ్మట వానపాములను వదలుట. సాధారణముగా తొట్టి వేడెక్కి పాములు చచ్చునను భయముచేత ఈ తొలిమెట్టును పాటింతురు. క్రిములు చచ్చునను రెండవ లాభము దానితో తానే వచ్చును. ఐతే పేడను కొన్ని దినములు పలుచగా ఆరబెట్టి పాముల నొదలువారును కలరు. పాములకు అదియు చాలును. కొత్తిమీరకు చాలదు.

దక్షిణదేశమున మరియొక పద్ధతి పుట్టినది. 1939లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో సి. ఎన్. ఆచార్యగారు పట్టణపు చెత్తను, మలమును కందకములలో పొరలుగా నింపి, పైన మట్టి కప్పి, తిరుగవేయకనే ఆరు ఎనిమిది నెలలుంచు విధానమును రూపొందించిరి. మద్రాసు రాష్ట్రములోని మునిసిపాలిటీల మీదుగ తెలుగుదేశమునకును ఇట్టి కందకములు వచ్చినవి. ఇందులో తొలి దినముల వేడి కొంత, పిమ్మట కాలము కొంత క్రిములను హరించును. కూలి తక్కువ, ఈగలు తక్కువ. కాని కాలము తగ్గించినచో రక్షణయు తగ్గును. ఎనిమిది నెలలు మూయవలసిన గోతిని నాలుగు నెలలకే త్రవ్వి బండికెత్తించువాడు ఆ పద్ధతిని పాటించినవాడు కాడు. తెలుగు రైతు ఈ ఓర్పును శాస్త్రజ్ఞుల కంటె ముందే నేర్చినాడు. పచ్చిపెంట చేనికి వేసినచో చెదలు పట్టుననియు, పైరు ఎఱ్ఱబారుననియు అతడెఱుగును. ఏడాది మాగిన దిబ్బనే వేసవిలో బండ్లతో తోలును.

కాలము ఎట్లు రక్షించును? వేడి తగ్గిన పిమ్మట కుప్పలోనికి మూడవ తెగ జీవులు వచ్చును. వానిలో ఆక్టినోమైసిటీసు అనునవి ముఖ్యమైనవి. తొలకరి వానకు నేలనుండి వచ్చు కమ్మని వాసన వానిదే. ఈ తెగ మందుల పుట్టిల్లు. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో స్ట్రెప్టోమైసిన్ ఈ తెగనుండియే లభించినది; వాక్స్‌మన్‌కు 1952లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆంధ్రులు గర్వింపదగిన సంగతి మరియొకటి కలదు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే పరిశోధనశాలలకు అధిపతిగ నుండగా, అచటి వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో ఆరియోమైసిన్ మందు నిచ్చు జీవిని కనుగొనెను. 1948లో ఆ మందు లోకమునకు తెలిసినది. సుబ్బారావుగారు ఆ ఏటనే స్వర్గస్థులైరి. చెప్పవచ్చినదేమనగా, మాగిన ఎరువు నిర్జీవమైన పొడి కాదు. అది కిక్కిరిసిన ఊరు వంటిది. తిండి యంతయు పంచుకొనబడినది, చోటంతయు నిండినది. క్రొత్తగ వచ్చిన సాల్మొనెల్లాకు అచట నిలువ నీడ దొరకదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపినారు. ఎరువును ఆవిరితో పూర్తిగ నిర్జీవముచేసి అందులో కొలదిపాటి సాల్మొనెల్లాను చల్లినచో అది విజృంభించి పెరుగును. అదే క్రిమిని మాగిన, జీవముగల ఎరువులో చల్లినచో తగ్గిపోవును. కాబట్టి వేడి యొక్కటియు చాలదు, ఓర్పు ఒక్కటియు చాలదు. కాగి, మాగనిదే ఎరువును నమ్మరాదు. తొందరపడి వేడిమీదనే బస్తాలకెత్తిన ఎరువు తడిసినప్పుడు మిగిలిన నాలుగు క్రిములు మరల నలుబది వేలగుటకు అవకాశము కలదు.

ఇంత శ్రమపడి చేసినదానిని చెఱచుటకు ఒక పార చాలును. ఉదయము పచ్చిపేడ ఎత్తిన పారతోనే సాయంకాలము తయారైన ఎరువును ఎత్తుదురు. క్రొత్త కుప్ప ఎత్తున, పాత కుప్ప పల్లమున నున్నచో వాన రాగానే ఆ ఊట ఇటు దిగును. తయారైన ఎరువు వెచ్చగ, మెత్తగ నుండుటచేత వీధికుక్క దానిపైననే పడక వేయును, కోళ్లు గీకును. చివరి మెట్టున జరుగు ఈ కలుషితము తొలిమెట్టు శ్రమనంతయు వ్యర్థము చేయును. ఇండ్ల చెత్తను తోటచెత్తతో కలిపివేయుటయు అట్టిదే. ఇదే రాష్ట్రములోని అంబికాపూరులో 2015 నుండి స్త్రీల బృందములు ఇంటింట తడిచెత్త పొడిచెత్త వేరుగా సేకరించి చూపిరి. 16 ఎకరముల చెత్తదిబ్బ అచట ఉద్యానముగ మారినది. అంబికాపూరులో సాధ్యమైనది ఒక క్వార్టర్ల కాలనీలో సాధ్యము కాకపోవుటకు కారణము కానరాదు.

ఎంత కాగినను చావని క్రిములు కొన్ని కలవు. ధనుర్వాతపు క్రిమి బీజరూపమున గట్టి పొర కప్పుకొని యుండును. 55 డిగ్రీలు దానికి లెక్కలేదు. పశువుల పేడలోను, మట్టిలోను, ఎరువులోను అది సర్వత్ర కలదు. పూర్వము పల్లెలలో శిశువు బొడ్డుకు పేడ అద్దు దురాచారముచేత ఎందఱు పసికందులు నాశమైరో లెక్కకు రాదు. టీకాలవలనను, ఆసుపత్రి ప్రసవములవలనను ఆ వ్యాధి అణగినది. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమున తల్లులలోను నవజాతశిశువులలోను ధనుర్వాతము నిర్మూలనస్థాయికి దిగినదని ధ్రువపరచినది. క్రిమి మాత్రము మట్టిలో ఎప్పటివలెనే యున్నది. చెప్పులు లేక, చేతితొడుగులు లేక, కంపలు గ్రుచ్చుకొనిన చేతులతో కుప్ప తిరుగవేయు తోటమాలికి టీకా వేయించుట కాలనీ బాధ్యత. కాలనీవారికి ఎరువు దక్కును. గాయము మాత్రము తోటమాలిది.

ఊపిరితోపోవు క్రిములును కలవు. 1988, 1989 సంవత్సరములలో దక్షిణ ఆస్ట్రేలియాలో కొందఱు తోటప్రియులకు తీవ్రమైన ఊపిరితిత్తుల జ్వరము వచ్చినది. కారణము లీజియొనెల్లా జాతిలోని ఒక క్రిమి. కుండీల కొఱకు అమ్ము ఎరువుమట్టిలో అది కనబడినది. అప్పటినుండి ఆ దేశమున బస్తాలపై హెచ్చరికలు ముద్రించుచున్నారు. బూజు జాతికి చెందిన ఆస్పర్జిల్లసు కూడ ఎండిన కుప్పను కదిలించినప్పుడు ధూళిగ లేచును. ఉబ్బసము కలవారికి అది పనికిరాదు. మధుమేహము కలవారు వానకాలములో తడిమట్టిలో, పొలము నీటిలో ఉత్తకాళ్లతో పని చేయుట వలన మెలియాయిడోసిస్ అను జ్వరము వచ్చుటకు అవకాశము కలదు. దక్షిణ భారతమునను ఒడిశాలోను ఆ వ్యాధి కనబడినది. వీనికి విరుగుడు సామాన్యమైనదే. కదిలించుటకు ముందు నీరు చిలుకుట, ముక్కుకు గుడ్డ కట్టుట, బస్తామూతి విప్పునప్పుడు ముఖము వంచకుండుట, పని ముగిసిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుట.

కొత్తిమీర ప్రశ్నకు ఇప్పుడు రావచ్చును. 2006లో అమెరికాలో పచ్చిగ తిను పాలకూర మూలమున ఇ. కోలై వ్యాపించి దాదాపు 200 మంది జబ్బుపడిరి; ముగ్గురు మరణించిరి. ఆ దోషము ఎరువుది కాదు. పొలమున కనబడిన ఆ తెగ క్రిమి సమీపపు పశువుల పేడలోను, అడవిపందులలోను కూడ దొరకినది. ఐనను పేడనుండి పచ్చి ఆకునకు, ఆకునుండి మనుష్యునకు దారి ఎంత దగ్గఱయో అది లోకమునకు చూపినది. ఆ దేశపు సేంద్రియ వ్యవసాయ నియమములలో ఒక లెక్క కలదు. కాగని పచ్చిపేడను వేసిన మడినుండి, మట్టి తగులు కూరలను 120 దినములైనగాని కోయరాదు. మట్టి తగులని వానికి 90 దినములు. కొత్తిమీర విత్తిన నలుబది దినములకే కోతకు వచ్చును. మెంతికూర అంతకంటె ముందే. అనగా పెరటిలోని ఆకుకూరకు పచ్చిపేడ ఎన్నటికిని తగదు. అనుమానమున్న ఎరువును పూలమొక్కలకు, మామిడికి, కొబ్బరికి వేయవచ్చును. వండి తిను వంకాయకు, బెండకు వేయవచ్చును. కాగి మాగినదని రుజువున్న ఎరువును మాత్రమే కొత్తిమీర, పుదీన, ముల్లంగి, ఉల్లి మడులలో వేయవలెను. మడికట్టుకొని వండు ఇల్లాలు కూరను పలుమారులు కడుగును; అది మంచిదే. ఆకుమడతలలో దాగినది కడుగుటతో పూర్తిగ పోవునని మాత్రము అనుకొనరాదు.

భారతదేశమున 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణపు కంపోస్టునకు తేమ, కర్బనము, లోహములు మొదలగువానికి హద్దులు పెట్టి, రోగకారక క్రిముల యెదుట శూన్యము అని వ్రాసినది. అమ్మకమునకు వచ్చు బస్తాకు ఆ ఉత్తర్వు వర్తించును. పెరటికుప్పను పరీక్షించువారెవరును లేరు, ఉండనవసరమును లేదు. ప్రతి కుప్పను ప్రయోగశాలకు పంపుటకంటె, ఎట్లు తయారైనదో వ్రాసియుంచుట సులభము, చౌక. ఉద్యోగులకు రిజిస్టరు పెట్టుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. కుప్ప సంఖ్య, పోసిన తేది, ప్రతిదినము నడిమి వేడి, తిరుగవేసిన తేదులు, మాగుటకు వదలిన తేది అను ఐదు గడులు చాలును. ఆ గడులు నిండిన కుప్పను కొత్తిమీరకు వాడవచ్చును. ఖాళీగనున్న కుప్ప మామిడిచెట్టుకు పోవలెను.

ఆరంగ్, నవ రాయపూరు ప్రాంతమునకు లెక్క ఇట్లు కుదురును. ఫాల్గుణమున ఆకు రాలును. మార్చి మొదటి వారములో కుప్ప పోసి, మూడు దినములకొకమారు తిరుగవేసి, ఎండ తీవ్రతనుబట్టి నీరు చిలికినచో ఆ నెలాఖరునకు కాగుట ముగియును. ఏప్రిలు, మే నెలలు గోనెపట్టాలు కప్పి, తడి ఆరకుండ మాగనీయవలెను. జూను నడుమ వానలు రాకమునుపే దానిని ఎత్తైన అరుగుపైకి మార్చి, పైన రేకు వేయవలెను. శ్రావణ అమావాస్యకు ఛత్తీస్‌గఢ్ రైతులు హరేలీ చేసికొని నాగలిని, పారను, కొడవలిని కడిగి పూజింతురు. ఆ నాటికి ఎరువు జల్లెడ పట్టుటకు సిద్ధముగ నుండును.